ఊరిపేరే ఇంటిపేరైన కళాకారులు



ఈ స్మారకోపన్యాసం బళ్లారి రాఘవ గారిని తలచుకుంటూ చేస్తున్నది. ఆయన 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. వృత్తికి న్యాయవాది, ప్రాణం నాటకం. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. తెలుగు, కన్నడ, ఆంగ్ల భాషల్లో వేదికెక్కారు. హిరణ్యకశిపుడిగా కనిపించిన మనిషే ఒథెల్లోగా, షైలాక్‌గా కూడా కనిపించేవారు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల స్త్రీలను రంగం మీదికి తీసుకొచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయన ప్రోత్సాహంతోనే నటులయ్యారు. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు.

ఏడేళ్ల తర్వాత, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన కర్నూలు రాజధాని అయింది. అదే రోజు బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. మరి రాఘవ గారు ఎవరివారు? పుట్టిన తాడిపత్రివారా, పేరులో ఉన్న బళ్లారివారా? తెలుగువారికా కన్నడిగులకా చెందుతారు? మనం ఇక్కడ ఆయన్ని తలుచుకుంటున్నాం, వాళ్లు అక్కడ తలుచుకుంటున్నారు. ఎవరూ ఎవరి నుంచీ లాక్కోలేదు. ఒక కళాకారుడు రెండు చోట్లకు పూర్తిగా చెందగలడని చెప్పడానికి ఆయన జీవితమే సాక్ష్యం. ఈరోజు నా విషయం కూడా అదే: సొంత నేల వదిలి వచ్చిన కళాకారుడికి చోటు ఎలా దొరుకుతుంది?

1. ప్రశ్న

ముందు దూరం నుంచి మొదలుపెడతాను, ఓపిక పట్టండి.

ఇరాక్ ఉత్తర భాగంలో సింజార్ అనే కొండ ఉంది. దాని చుట్టూ ఎజిదీలనే చిన్న సమాజం శతాబ్దాలుగా బతుకుతోంది. వాళ్లు మాట్లాడేది కుర్దు భాషల్లో ఒకటి, మతం మాత్రం వేరు. నెమలి రూపంలోని దేవదూతను కొలుస్తారు. లాలిష్ లోయలో, మడతలు మడతలుగా పైకి లేచే శంఖాకారపు గోపురాలున్న గుడి వాళ్ల పుణ్యక్షేత్రం. వాళ్ల మతజ్ఞానంలో చాలా భాగం పాటల్లోనే ఉంది. కవ్వాలులనే వంశపారంపర్య గాయకులు డప్పు, పిల్లనగ్రోవి పట్టుకుని ఊరూరా తిరిగి ఆ పాటలు పాడేవారు. పుట్టుకతో తప్ప ఆ మతంలోకి ఎవరూ రాలేరు. మతం బయట పెళ్లి చేసుకుంటే సమాజం బయటికి వెళ్లినట్టే.

2014 ఆగస్టు 3న ఇస్లామిక్ స్టేట్ ముఠా సింజార్ మీద పడింది. వేలమందిని చంపింది. వేలమంది ఆడవాళ్లను, పిల్లలను ఎత్తుకుపోయి అమ్మింది. మిగిలినవాళ్లలో చాలామంది నీళ్లు లేని కొండ మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2016లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం దీన్ని జాతిహననమని తేల్చింది. ఆ చెర నుంచి బయటపడిన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2023 జనవరి 19న జర్మనీ పార్లమెంటు కూడా జాతిహననమని ఒప్పుకుంది. ఇరాక్ వెలుపల ఎజిదీలు ఎక్కువగా ఉన్నది జర్మనీలోనే.

సింజార్ మీద దాడి జరిగిన రోజున ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు ఉన్నాడనుకోండి. జర్మనీలో పెరిగి ఇప్పుడు యువకుడయ్యాడు. బొమ్మలు గీస్తాడు. ఏం గీయాలి? లాలిష్ గోపురం గీస్తే, నువ్వు గట్టిగా నాలుగుసార్లు కూడా చూడని గుడి కదా అంటారు. జర్మనీ వీధి గీస్తే, నీ వాళ్లను మరిచావా అంటారు. ఊచకోత గీస్తే ప్రదర్శనశాలల వాళ్లు పిలుస్తారు, కానీ ప్రతిసారీ అదే గీయమంటారు. ఇంట్లో ఒక భాష, బళ్లో ఇంకొకటి. ఇతను ఏ ఊరివాడు?

దీనికి జవాబు వెతకడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. కడప జిల్లా చక్రాయపేట మండలంలోని సురభి పల్లె దాకా పోతే చాలు. నా వాదం ముందే చెప్పేస్తాను. కళాకారుడి చోటు సగం అతని పనిలో ఉంటుంది, సగం ఆ పనిని తమదనుకునే జనంలో ఉంటుంది. రెండూ కలిసినప్పుడే పరాయి ఊరు సొంతూరవుతుంది. కలిశాక దాన్ని నిలబెట్టే పూచీ జనం మీదే ఎక్కువ.

2. ఇంట్లో ఆరె, తెర మీద తెలుగు

మన రాయలసీమలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల్లో చాలా మంది ఇంటి భాష ఆరె మరాఠీ. వాళ్ల పూర్వీకులు మరాఠా దేశం నుంచి దక్షిణానికి దిగి వచ్చారు. శివాజీ కాలం నాటి దండ్ల వెంట వచ్చామని వాళ్ల ఇళ్లల్లో చెప్పుకుంటారు. తంజావూరును మరాఠా రాజులు ఏలిన కాలం అది, ఆ తర్వాత మన గుత్తి కోటలో మురారిరావు ఘోర్పడే ఉన్నాడు. దారులన్నీ తెరిచి ఉన్న రోజులు.

వచ్చినవాళ్లు ఏం చేశారు? మేకతోలు నానబెట్టి, రోమం గీకి, అవతలి వెలుగు కనిపించేంత పలచగా ఆరబెట్టారు. దాని మీద రాముణ్ణి, రావణుణ్ణి గీసి రంగులద్దారు. కిరీటం, హారం, వడ్డాణం ఉన్నచోటల్లా ఉలితో సన్నటి చిల్లులు కొట్టారు. వెనక ఆముదం దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు వచ్చి నగలు నిజంగా మెరిసినట్టే ఉంటాయి. తెర వెనక మనిషి బొమ్మను ఆడిస్తూనే పద్యం పాడతాడు. కాలి కింద చెక్కలు టపటపా తొక్కుతూ యుద్ధం చప్పుడు చేస్తాడు. పాడేది తెలుగు, ఆధారం రంగనాథ రామాయణం ద్విపద. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పడి నవ్విస్తే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ఆటగాడు బంగారక్క చేత తిట్టించే తిట్లు మన ఊరి తిట్లే. వాటిని నేర్చుకోవాలంటే పుస్తకం చాలదు. బావి దగ్గర, కల్లంలో, సంతలో నిలబడి వినాలి. అన్ని తరాలు విన్నారు కాబట్టే ఆట పండింది. అయినా ఇంటికెళ్లి పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు ఆరె భాషలోనే మాట్లాడారు. తెలుగు వచ్చినందుకు ఆరె పోలేదు. ఆరె ఉన్నందుకు తెలుగుకు లోటు రాలేదు. వచ్చిన చోటిని ప్రేమించాలంటే బయలుదేరిన చోటిని మరిచిపోవాలనేవాళ్లకు ఆ ఆటగాళ్ల ఇళ్లే సమాధానం.

3. సురభి

ఇక అసలు కథ. 1885. మన తాతలు ధాత కరువని చెప్పుకున్న 1876-78 నాటి మహా కరువు ముగిసి ఇంకా పదేళ్లు కాలేదు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిన కరువది. తిండికే లేనప్పుడు ఆటకు గింజలు ఎవరు పెడతారు? అలాంటి సీమలో, అప్పటి దాకా బొమ్మలాడించిన కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు బొమ్మల స్థానంలో మనుషుల్ని నిలబెట్టారు. కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడారు. అక్కడ మొదలైంది సురభి నాటకం.

ఏ కథ ఎంచుకున్నారో చూడండి. కీచక వధ విరాటపర్వంలోది. వాన కురవాలంటే విరాటపర్వం చెప్పించాలని నమ్మే నేల మనది. కాబట్టి జనం కోరే కథే. కానీ ఆ కథ ఎవరిది? ఇల్లూ రాజ్యమూ పోయి, పేర్లు దాచుకుని, పరాయి కొలువులో పని చేసుకుని బతికినవాళ్లది. ధర్మరాజు కంకుభట్టయ్యాడు, భీముడు వలలుడయ్యాడు, ద్రౌపది సైరంధ్రి అయింది. ఎవరన్నది చెప్పుకోలేని స్థితిలో ఆమెకు అవమానం జరుగుతుంది. తరాల కిందట నేల వదిలి వచ్చిన కుటుంబాలవాళ్లు ఆ కథను ఒక కొత్త ఊళ్లో ఆడారు. గోవిందరావు గారు ఇది ఆలోచించే ఎంచుకున్నారని నేను అనను. కానీ వలస వచ్చిన కుటుంబం అజ్ఞాతవాసం కథ ఆడుతుంటే అందులోకి వాళ్ల బతుకు రాకుండా ఎలా ఉంటుంది?

ఆ రాత్రి తర్వాత జరిగింది ఇంకా గొప్పది. ఆ కళాకారులు ఆ ఊరి పేరునే తమ పేరుకు ముందు పెట్టుకున్నారు. ఇంటిపేర్లు ఉండనే ఉన్నాయి: వనారస, రేకందార్, ఆవేటి, సింధే. అయినా జనానికి వాళ్లంతా సురభివాళ్లే. పొలం ఇచ్చిన ఊరు కాదు, పట్టా రాసిచ్చిన ఊరు కాదు. తమ ఆటను నాటకమని మొదట ఒప్పుకున్న ఊరు. ఆ ఒప్పుకోలుకు బదులుగా వాళ్లు సీమలోని ఒక చిన్న పల్లె పేరును మద్రాసు దాకా, హైదరాబాదు దాకా, తెలుగు వినిపించే ప్రతి ఊరి దాకా మోసుకెళ్లారు.

ఈ కంపెనీల్లో మొదటి నుంచీ ఆడవేషం ఆడవాళ్లే వేశారు. మిగతా తెలుగు నాటకంలో మీసాలు గీసుకున్న మగవాళ్లు ద్రౌపదులైన రోజులవి. రాఘవ గారు తర్వాత కాలంలో చదువుకున్న ఇళ్ల ముందు నిలబడి ఏది వాదించారో, దాన్ని సంచార కళాకారుల ఇల్లాళ్లు పొట్టకోసమే ముందుగా చేసి చూపించారు. ఈ వేదిక మీద వాళ్లనూ తలుచుకోవడం న్యాయం. రాఘవ గారు ఉంటే ఆయనే ముందు తలుచుకునేవారు.

డేరాలు ఊరూరా తిరిగిన రోజుల్లో సురభి తెర వెనక్కి వెళ్లి చూసినవాళ్లకు ఇంకో విషయం తెలుసు. తల్లి ఒక మూల ముఖానికి రంగు రాసుకుంటూ ఉంటుంది. ఆమె పక్కనే చీర ఉయ్యాలలో పసిపిల్ల. పదేళ్ల పిల్లవాడు దారాలు పట్టుకుని సైగ కోసం చూస్తుంటాడు. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో తేలి ఘటోత్కచుడి నోట్లో పడేది ఆ దారాలతోనే. తాత రంగు పోయిన తెరను పక్కన పెట్టి కొత్త తెర దించుతాడు. ఆ పిల్లవాడికి బడి లేదు, స్థిరమైన ఇల్లు లేదు. కానీ నేను ఎవరినన్న ప్రశ్న వాడికి రాదు, ఎందుకంటే ఏ క్షణంలో ఏ దారం లాగాలో వాడికి తెలుసు. సైగ వస్తుంది, వాడు లాగుతాడు, జనం చప్పట్లు కొడతారు. అంతమంది చప్పట్లలో వాడికి చోటుంది.

4. పేరు వచ్చాక మిగిలే లోటు

అంతా బాగుందని ఇక్కడితో ఆపేస్తే మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

1932లో విడుదలైన భక్త ప్రహ్లాద మొదటి పూర్తి తెలుగు టాకీ. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాలో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. తెలుగు సినిమాకు మొదటి కథానాయికను ఇచ్చింది సురభి. ఆ సినిమాయే తర్వాత సురభి డేరాల ముందు జనాన్ని పలచబరిచింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న కుటుంబ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి వంటి ఒకటి రెండు సంస్థలు పట్టుదలగా నిలబడ్డాయి. 1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో భీష్మ వంటి కొత్త నాటకాలు చేయించారు. బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో మనల్ని వదిలి వెళ్లారు.

తోలుబొమ్మల దారిలోనూ ఇదే జరిగింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ ఊళ్లో యువకులు నేడు ఎక్కువగా చేసేది దీపాల మీద కప్పే తోలు గూళ్లు, గోడకు తగిలించే బొమ్మలు. అదీ నైపుణ్యమే, దాంతోనే ఇల్లు గడుస్తోంది, ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ ఆడించని బొమ్మకు పాట అక్కర్లేదు. పాట పోతే పద్యం పోతుంది, పద్యంతో పాటు బంగారక్క తిట్లూ పోతాయి.

ఇప్పుడు ఆ ఇళ్ల యువకుడు అడుగుతున్న ప్రశ్న వినండి. మా అవ్వ ఆరె మాట్లాడుతుంది, నాకు సగమే వచ్చు. మా పేరులో కడప జిల్లా ఊరుంది, నేను పుట్టింది హైదరాబాదులో. బిరుదులు వచ్చాయి, ఆటలకు పిలుపులు రావడం లేదు. నేను ఎవరిని? జర్మనీలోని ఎజిదీ కుర్రవాడి ప్రశ్నకూ దీనికీ పెద్ద దూరం లేదు. పనిని తమదనుకునే జనం పలచబడ్డప్పుడు, నూట నలభై ఏళ్ల కిందట దొరికిన చోటు కూడా మళ్లీ జారిపోతుంది. చోటు ఒకసారి దొరికి ఎప్పటికీ ఉండిపోయేది కాదు. ప్రతి తరం దాన్ని మళ్లీ ఇవ్వాలి, మళ్లీ పుచ్చుకోవాలి.

5. రెండు వలసలు, ఒక నియమం

ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. ఊచకోత నుంచి పారిపోవడం వేరు, పొట్ట చేతబట్టుకుని దారి పట్టడం వేరు. ఎజిదీలు పోగొట్టుకున్నదానితో సురభి కుటుంబాల కష్టాన్ని తూచడం తప్పు. సింజార్ నుంచి వచ్చిన పిల్ల తన అక్క ఏమైందో నేటికీ తెలియక వెతుకుతూ ఉండవచ్చు. ఆ బాధకు మన కథలో సాటి లేదు.

కానీ కళ విషయంలో రెండు కథలకూ వర్తించే నియమం ఒకటుంది. వచ్చినవాడు తన గాయాన్ని మాత్రమే చూపించాలని కోరడం ఒక రకం బంధనం. తన గతాన్ని పూర్తిగా వదిలేయాలని కోరడం రెండో రకం బంధనం. సురభివాళ్లను మన సీమ ఈ రెండూ అడగలేదు. మీ మరాఠా దేశం కథ చెప్పండి అనలేదు, ఇంట్లో తెలుగే మాట్లాడండి అనీ అనలేదు. మీ ఆట ఆడి చూపించండి అంది. అంటే వాళ్ల చేతిలోని విద్యను అడిగింది. ఒక కొత్తవాడికి ఇవ్వదగిన గౌరవాల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

ఎజిదీల వైపు కూడా ఆశకు ఆనవాళ్లున్నాయి. 2019లో ఆర్మీనియాలో అక్నాలిచ్ అనే పల్లెలో వాళ్లు పెద్ద గుడి కట్టుకున్నారు. అక్కడా అదే మడతల గోపురం. లాలిష్‌కు దూరంగా లాలిష్ రూపాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. ఊరు మారినా రూపం చేతిలో ఉంటే పోగొట్టుకున్నదాన్ని కొంత మళ్లీ కట్టుకోవచ్చు. యువ చిత్రకారుడు చేయగలిగింది కూడా ఇదే. గోపురాన్ని గీయాలా వీధిని గీయాలా అని రెంటి మధ్య నలగకుండా, ఆ వీధిలోకి ఆ గోపురం నీడను తీసుకురావచ్చు. మన తోలుబొమ్మ రాముడు వేసుకున్న కిరీటంలో మరాఠా తలపాగా వంపు ఉందని ఎవరైనా చూపిస్తే మనం ఆ రాముణ్ణి పరాయివాడంటామా?

6. మన పూచీ

ఇక ముగింపుకు వస్తాను. పెద్దలు కొందరు గడియారం వైపు చూస్తున్నారు, నాకు కనిపిస్తోంది.

వలస మనకు చరిత్ర పుస్తకంలోని మాట కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి వైపు పల్లెల్లో ఏటా జనం సుగ్గికి పోతారు. పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి గుంటూరు దిక్కుకు, కట్టడం పనులకు బెంగళూరుకు. ఇళ్లకు తాళాలు పడతాయి, ముసలివాళ్లు మిగులుతారు. బడిలో హాజరు పట్టీ సగానికి సగం ఖాళీ. రాజంపేట, రాయచోటి దిక్కున ఇంటికొకరు కువైట్‌లో ఉన్న పల్లెలున్నాయి. మన పిల్లలు అక్కడ పరాయివాళ్లు. గుంటూరు మిరప చేను గట్టున కూర్చుని బొగ్గుతో బొమ్మ గీసే కోసిగి పిల్లను అక్కడివాళ్లు ఏమని పిలుస్తున్నారు? పేరు పెట్టి పిలుస్తున్నారా, సుగ్గివాళ్లని మాత్రమే అంటున్నారా? మన పిల్లలకు అక్కడ ఏ మర్యాద కోరుకుంటామో, మన దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ మర్యాద మనం ఇవ్వాలి.

అందుకని మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. మొదటిది, సురభి నాటకాన్ని ఏటా ఒకసారి సురభి గ్రామంలో, ఒకసారి కర్నూలులో టికెట్టు పెట్టి ఆడించాలి. ఉచితంగా వద్దు. కళాకారుడికి సన్మానపు శాలువ కంటే టికెట్టు కొన్న ప్రేక్షకుడు ఎక్కువ గౌరవం. రెండోది, సురభి కుటుంబాల్లో, తోలుబొమ్మల ఇళ్లల్లో ఆరె మాట్లాడే అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. వాళ్ల పాటలు, సామెతలు, తెర వెనక వాడే పనిమాటలు మన విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు రికార్డు చేయాలి. ఇక్కడ వెనక వరుసల్లో నిలబడి వింటున్న విద్యార్థులూ, మీరే ఆ పనికి తగినవాళ్లు. మూడోది, సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని బళ్లో హాజరు తక్కువైన పిల్లలుగా చూడకండి. ఏం చూసి వచ్చారో గీయమనండి, పాడమనండి, ఆడి చూపించమనండి. గోడ మీద వాళ్ల బొమ్మలకు చోటివ్వండి.

1885లో కరువు నుంచి తేరుకోని ఒక చిన్న పల్లె, పరాయి భాష మాట్లాడే సంచార కుటుంబానికి ఒక రాత్రి వేదిక ఇచ్చింది. దానివల్ల తెలుగు నాటకానికి తరతరాల నటులు దొరికారు, తెలుగు సినిమాకు మొదటి కథానాయిక దొరికింది. మన పూర్వీకులు చేసిన పనుల్లో సీమ గర్వపడదగినది ఇది. ఆ పని మళ్లీ చేయడానికి మనకు కరువు అడ్డం కాదు, డబ్బు అడ్డం కాదు. వచ్చినవాడి విద్యను అడిగి చూసే మనసు ఒక్కటే కావాలి. అది మన సీమకు ఉందని నిరూపించమని మీ అందరినీ వేడుకుంటూ, రాఘవ గారి స్మృతికి చేతులు జోడించి సెలవు తీసుకుంటున్నాను.